ఎవరి చేతి మూర

"నేనొచ్చేదాక ఎవ్వలకు రేటు చెప్పకు. ఆగుమను," అన్నాడు మా ఆయన.

"చెప్పను తియ్, పో. జల్ది రా," అన్నాను నేను.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. పూల మార్కెట్‌లో మల్లెమొగ్గల బస్తా తూకం వేయించుకుంటూ అక్కడే కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఏడుపు సంగతి రాయొద్దని రాసే పిల్లకు ముందే చెప్పాను. ఏడ్వాల్సినప్పుడు ఏడ్చేశాను. ఇది ఆ తర్వాతి ముచ్చట.

రాసేది మా అన్న బిడ్డ. జల్‌పల్లి నుంచి ఆదివారం ఆదివారం వస్తుంది. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద నంబరు గుర్తుపట్టడం తప్ప చదువు రాదు. నేను చెప్పింది తను బడి తెలుగులోకి సాఫు చేసి రాస్తుంది. మనుషుల నోటి మాటలు మాత్రం ముట్టుకోకు, ఉన్నవి ఉన్నట్టే రాయమన్నాను. ఎందుకు రాయిస్తున్నానంటే, ఈ పిల్లకు మొన్న ఒక ఆఫీసులో కొలువు దొరికింది. జీతం ఎంత కావాలమ్మా అని అడిగితే "మీ ఇష్టం సార్" అని చెప్పి వచ్చిందట! ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. కూర్చో, పెన్ను తియ్యి అన్నాను.

మా పూల బల్ల ఛత్రినాకలో, బస్సులు మలుపు తిరిగే చోట, కిరాణా సేటు గోడకు ఆనుకొని ఉంటుంది. ఆ జాగా కిరాయి సేటుకే కడతాం. ఒక పక్క పంక్చర్ దుకాణం. ఇంకో పక్క నేల మీద గుడ్డ పరిచి గాజులమ్మే ముసలామె. ఆమెను వీధంతా ఖాలా అంటుంది, అంటే చిన్నమ్మ. మా ఆయన ఇరవై ఏళ్ళు బల్ల ముందు నిలబడ్డాడు. నేను ఇరవై ఏళ్ళు బల్ల వెనక గోనెసంచి మీద కూర్చున్నాను, దారం కాలి బొటనవేలికి తగిలించుకొని మల్లెలు, కనకాంబరాలు కట్టుకుంటూ. మాట్లాడే పని ఆయనది. కట్టే పని నాది. నాది చిన్నప్పటి నుంచీ గరుకు గొంతు, ఎప్పుడూ జలుబు చేసినట్టే ఉంటుంది. "నీ గొంతు విన్నరంటె గిరాకీ బెదిరి పోతది," అని నవ్వించేవాడు. నవ్వులాటకే అన్నాడు, నేనే నిజమనుకున్నాను. ఆయన చాయ్‌కి పోయినప్పుడు ఎవరైనా వచ్చి మూరెంత అంటే, "ఆగమ్మా, వస్తడు," అనేదాన్ని. ఇరవై ఏళ్ళలో నేను గిరాకీతో మాట్లాడిన మాట అదొక్కటే.

పదకొండో రోజు దినం అయిపోయింది. పన్నెండో రోజు బల్ల తెరిచాను. చేతిలో సంచి పట్టుకొని ఒకామె వచ్చింది.

"మూరెంతమ్మా?"

"ఆగమ్మా, వస్తడు," అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూసింది. నేను కూడా చూశాను. ఇద్దరం కాసేపు అలాగే చూస్తూ ఉన్నాం. పక్కనుంచి ఖాలా మెల్లగా అడిగింది, "ఎవరొస్తరు బేటీ?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఆ గిరాకీ ఆమె ముఖం చూశాను. పాపం, ఇంకా మెడ చాచి రోడ్డు చివరి వరకూ వెతుకుతోంది. ఎక్కడి నుంచి వచ్చిందో నవ్వు వచ్చేసింది. నన్ను చూసి ఆమె కూడా నవ్వింది. "ఇంతకీ ఎంత?" అంది. "మీ ఇష్టమమ్మా," అన్నాను. ఆమె ఇష్టమే జరిగింది. ఆ వారం వచ్చినవాళ్ళందరి ఇష్టమే జరిగింది. మల్లెలు అయిపోయేవి, మర్నాడు మొగ్గలు కొనడానికి చేతిలో ఏమీ మిగిలేది కాదు.

మా మరిదికి ఇది తెలియకుండా ఉంటుందా? చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ఆటో పెట్టుకుంటాడు, పొద్దున పూట బడి పిల్లల్ని తిప్పుతాడు. ఒకరోజు ఆటో ఆపి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"వదినా, గిట్ల నడవది. నువ్వు కట్టు, నేను అమ్ముత. ఆటో మా బామ్మర్దికిచ్చేస్త."

"మరి బల్ల?"

"బల్ల నా పేరు మీద సేటుతోని మాట్లాడుకుంట. నీకు రోజుకింత అని నేనిస్త గద. నీకేం ఫికర్?"

చెడ్డవాడు కాదు. మనసులో వేరే ఏమీ లేదు. కానీ నాకు ఆ బొమ్మ కళ్ళముందు కనబడింది. బల్ల ముందు మరిది, బల్ల వెనక గోనెసంచి మీద నేను. ఇన్నాళ్ళూ మా బల్ల వెనక కూర్చున్నాను. ఇక ముందు నా బల్ల వెనకే కూలిమనిషిలా కూర్చోవాలి. బల్ల ఒకసారి పోయిందంటే మళ్ళీ నాది కాదు.

"బోనాల దాక ఆగు," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"బోనాల దాక ఏం జేస్తవ్?"

"నేర్చుకుంట."

"బేరం నేర్చుకుంటె వస్తదా వదినా? అది పుట్టుకతోని రావాలె."

"నువ్వు పుట్టంగనే మాట్లాడినవా?"

నవ్వకూడదనుకున్నాడు గానీ నవ్వు ఆగలేదు. "సరే, బోనాలైనంక మల్ల నన్ననొద్దు. బల్ల నాకిచ్చెయ్యాలె," అని ఆటో ఎక్కి పోయాడు. అప్పుడు నాకు తట్టలేదు, ఇప్పుడు రాయిస్తుంటే తడుతోంది. నా బతుకులో నేను చేసిన మొదటి బేరం అదే. ఐదు నెలల గడువు అడిగాను, ఇచ్చాడు. అడిగితే ఇస్తారన్న సంగతే నాకు అంతకుముందు తెలియదు.

ఆ మర్నాటి నుంచి చేతులు పూల మీద, కళ్ళు ఖాలా మీద పెట్టాను. ఖాలా గాజులు అమ్ముతుంటే చూడాలి. డజనుకింత అని ధర చెప్పేది. చెప్పిన వెంటనే డబ్బీ తెరిచి పాన్ తీసి నోట్లో వేసుకునేది. ఇక వచ్చినవాళ్ళు ఎంత మొత్తుకున్నా ఆమె నమలడమే. "గంతనా?" అంటే నమిలేది. "పక్కన తక్కువకిస్తున్నరు," అంటే నమిలేది. వాళ్ళే ఒక మాట అని, వాళ్ళే దానికి జవాబు చెప్పుకొని, చివరికి వాళ్ళే ఒప్పుకొని చెయ్యి చాపి గాజులు వేయించుకునేవారు.

"ఖాలా, నీకు పాన్ అంత ఇష్టమా?" అని అడిగాను.

"ఇష్టం గిష్టం ఏం లేదు. నోట్ల పాన్ ఉంటె మాట రాదు. మాట రాకుంటె రేటు దిగదు. సమజైందా? వాళ్ళు తగ్గియ్యమని అడగకముందే మనమే తగ్గిస్తం బేటీ, భయంతోని. గా భయాన్ని నములుతున్న నేను."

మర్నాడు నేను కూడా ఒక పాన్ కట్టించుకున్నాను. గిరాకీ వచ్చింది, ధర చెప్పాను, పాన్ నోట్లో వేసుకున్నాను. అలవాటు లేని నోరు, వక్క గొంతులో అడ్డం పడింది. ఒక్క దగ్గు దగ్గాను, అప్పుడే కట్టిన మల్లెల మీదంతా ఎర్రటి చుక్కలు. గిరాకీ "అయ్యో రామా" అంటూ పారిపోయింది. పంక్చర్ దుకాణం అతను ట్యూబ్ వదిలేసి నీళ్ళ చెంబుతో ఉరికి వచ్చాడు.

ఖాలా వంగి మూరెడు దండ పైకి ఎత్తి చూసి, "వారెవ్వా! మల్లెలను కనకాంబరాలు జేసినవ్ గద బేటీ," అంది.

ఆ రోజు ముగ్గురం నవ్విన నవ్వుకు సేటు కూడా గోడ మీద నుంచి తల పెట్టి ఏందీ లొల్లి అని చూశాడు. మా ఆయన పోయిన తర్వాత పొట్ట పట్టుకొని నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు నాకు తప్పుగా కూడా అనిపించలేదు. ఆయన ఉంటే ఆయన అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

పాన్ మనకు కుదరదని తేలింది. మరి నోరు మూయించేది ఏముంది? దారముంది. పూలు కట్టేటప్పుడు ఒక్కోసారి దారం కొస పళ్ళ మధ్య పట్టుకుంటాం కదా. ధర చెప్పగానే దారం పళ్ళకు అందించడం మొదలుపెట్టాను. మా వీధిలో బేరానికి పేరు మోసిన ఒక టీచరమ్మ ఉంది. ఆమె వస్తుంటే పక్క బండ్లవాళ్ళు కూరగాయల మీద గోనెలు కప్పుకుంటారు. ఆమె వచ్చింది.

"మూరెంత?"

"ముప్పై," అన్నాను. దారం పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

"గంతనా? ఆ మూల మీద ఇరవై అయిదుకిస్తున్నరు."

నేను ఒక ముడి వేశాను.

"ఏందమ్మా, మాట్లాడవు?"

ఇంకో ముడి వేశాను.

"మీ ఆయనైతె తగ్గిస్తుండె."

గుండె కొంచెం కదిలింది. చేయి కదలనివ్వలేదు. ముడి వేశాను.

"సరే, రెండు మూరలియ్యి. నీతోని ఏగలేం," అని తీసుకొని పోయింది. ఆమె మలుపు తిరిగేదాకా ఊపిరి పట్టుకొని కూర్చున్నాను. తిరగ్గానే ఖాలా, నేను చేతులు పట్టుకొని ఊగిపోయాం.

ఇంత చెప్పినాక బోర్లా పడిన సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఈ పిల్ల నన్ను పెద్ద మొనగత్తెను అనుకుంటుంది.

వైశాఖంలో పెళ్ళిళ్ళు జోరుగా ఉన్నాయి. ఫంక్షన్ హాళ్ళకు మండపాలు అలంకరించే కాంట్రాక్టరు ఒకతను ఎన్నో ఏళ్ళ నుంచి మా దగ్గరే పూలు తీసుకునేవాడు. అతను వచ్చి, మండపం చుట్టూ వేలాడదీయడానికి రెండు వందల మూరల మల్లెదండ కావాలన్నాడు. నేను ధర చెప్పాను, దారం నోట్లో పెట్టుకున్నాను. అతను గింజుకొని గింజుకొని ఒప్పుకున్నాడు. ఎగిరి గంతేయాలన్నంత సంతోషం. పంక్చర్ అతనికీ, ఖాలాకూ, సేటు దగ్గర బస్తాలు మోసే మనిషికి కూడా చాయ్ తాగించాను.

పెళ్ళిరోజు మధ్యాహ్నం పూలు తీసుకుపోవడానికి కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. ఆటోలో నుంచి దిగుతూనే ఉన్నాడు, దిగడం అయిపోదు. అంత పొడుగు. నేను కట్టిన దండ చేతికి తీసుకొని కొలవడం మొదలుపెట్టాడు. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర కదా. అతని మూర నా మూర మీద నాలుగు వేళ్ళు ఎక్కువ. నేను రెండు వందలు కట్టినవి అతని చేతి మీద నూట అరవై చిల్లర అయ్యాయి.

"అన్నా, మూరంటె అమ్మేటోళ్ళ చెయ్యి గద!" అన్నాను.

"గది బజార్ల ఒక్క మూర కొనేటోళ్ళకు. మేం రెండొందలు కొంటున్నం. మా చెయ్యే మూర. మొదలు అడగకపోతివి?"

మొదలు అడగలేదు. నిజమే. పొద్దెక్కాక మార్కెట్‌లో మొగ్గ దొరకదు. మిగతా బల్లలవాళ్ళ దగ్గర చిల్లర ధరకు కొని, వేళ్ళు కోసుకుపోయేలా కట్టాను. ఖాలా గాజుల గుడ్డ మూటగట్టి వచ్చి మొగ్గలు అందించింది. మరిది కబురు విని వచ్చి, దండలు తన ఆటోలో ఫంక్షన్ హాలుకు చేర్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "అన్న ఉన్నప్పుడు గిట్ల ఎన్నడు గాలే," అని ఒక్క మాట అన్నాడు.

"అన్న ఎట్ల మాట్లాడుతుండె?"

"నాకేం ఎరుక? చాయ్ హోటల్ల కూసొని మాట్లాడుతుండె."

చూశావా బిడ్డా, ఇరవై ఏళ్ళు నేను కట్టిన పూలే, వాటి బేరం మాత్రం నా చెవిన పడలేదు. అది వీధికి అవతల చాయ్ హోటల్‌లో జరిగేది. మర్నాడు కొంగు సవరించుకొని ఆ హోటల్‌కు పోయాను. లోపల అంతా మగవాళ్ళే. ఎవరేమనుకుంటే నాకేంటి అనుకొని నేరుగా గల్లా దగ్గర కూర్చునే పెద్దాయన ముందు నిలబడ్డాను. ఆయన మా ఆయనకు పాత దోస్తు.

"భాయ్‌సాబ్, మా ఇంటాయన ఈడ పెద్ద బేరాలు మాట్లాడుతుండె గద. మొదలు ఏమంటుండె?"

ఆయన గల్లా మూసి, "ఏం అంటలేకుండె బెహన్. మొదలు చెయ్యి తీసి గీ టేబుల్ మీద పెడ్తుండె, మోచెయ్యి కాడికెల్లి. 'ఇగో, ఇదీ మూర,' అంటుండె. రేటు ముచ్చట దాని తర్వాతనే," అన్నాడు. తర్వాత నా దగ్గర పైసలు తీసుకోకుండా ఒక చాయ్ ఇప్పించాడు. అంతమంది మగవాళ్ళ మధ్య కూర్చొని చాయ్ మొత్తం తాగాను. సాసర్‌లో పోసుకొని మరీ తాగాను.

దేన్ని ఇస్తున్నామో ముందు తేలాలి. 'ఎంతకు' అన్నది తర్వాత. నేను 'ఎంతకు' నేర్చుకున్నాను, 'దేన్ని' మరిచాను. అంతే జరిగింది.

ఆషాఢం వచ్చింది. బోనాల ఆదివారం మా వీధి గురించి ఏం చెప్పను! వేపమండలూ బంతిదండలూ కట్టి ఇస్తుంటే చేతులు పసుపుపచ్చగా అయిపోయాయి. డప్పుల చప్పుడులో ధర అరిచి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది నా గరుకు గొంతు సంగతి. సన్న గొంతులవాళ్ళ మాట డప్పుల్లో కలిసిపోతోంది, నా మాట మాత్రం వీధి అవతలికి కూడా వినిపిస్తోంది. "ఆ గొంతామె దగ్గర తీసుకుందం," అని అవతల నుంచి వచ్చి కొన్నారు. మరిది మధ్యాహ్నం వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. పూలు అయిపోయేదాకా చూసి పోయాడు.

కానీ మాట మాటే. మంగళవారం పొద్దున వచ్చి కూర్చున్నాడు.

"బోనాలైనయ్ వదినా."

"అయినయ్."

"చిల్లర గిరాకీ మంచిగనే చేస్తున్నవ్. కాదంటలేను. గానీ బల్ల నడిచేది కాంట్రాక్టు మీద. వైశాఖంల ఏమైందో చూసినం గద."

నేను ఏదో అనేలోపే వ్యాన్ వచ్చి ఆగింది. అదే కాంట్రాక్టరు. ముందు సీటులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకొని ఆ పొడుగు మనిషి. శ్రావణమాసం పెళ్ళిళ్ళ కోసం వచ్చారు.

మరిది లేచి నిలబడ్డాడు. "ఇది నేను మాట్లాడుత."

"నువ్వు కూసో. చాయ్ తాగు. ఈ ఒక్క బేరం నేను చేస్త. ఇది చెడిందంటె బల్ల నీదే, మారు మాట్లాడ. చెడకుంటె మల్ల ఎన్నడు ఆ ముచ్చట తియ్యొద్దు. సరేనా?"

మరిది ఖాలా వైపు చూశాడు. ఖాలా పాన్ నములుతోంది. "సరే," అని కూర్చున్నాడు.

కాంట్రాక్టరు దిగి వచ్చాడు. "అక్కా, శ్రావణంల ఏడు పెండ్లిళ్ళున్నయ్. అన్నీ నీకే. పోయినసారి రేటే. ఖాయం జేసుకుందమా?"

"చేసుకుందం. ముందుగాల గా పొడుగన్నను దిగుమను."

"అతనెందుకు?"

"పని ఉన్నది."

పొడుగు మనిషి మడత విప్పుకుంటూ దిగాడు. "చెయ్యి చాపన్నా," అన్నాను. అర్థం కాకపోయినా చాపాడు. బల్ల మీద అతని చేయి పక్కన నా చేయి పెట్టాను. ఖాలా గాజులు ఘల్లుమనిపిస్తూ తన చేయి తెచ్చి పెట్టింది. పంక్చర్ అతను గ్రీజు తుడుచుకొని తనదీ పెట్టాడు. ఏం జరుగుతోందోనని నలుగురు చేరారు. ఎవరో దారినపోయే అమ్మ, "ఏందమ్మా, గాజులు పెడ్తున్నరా?" అంది.

"భాయ్, గీ నాలుగు చేతులల్ల దేనికి రేటు చెప్పాలె?" అని అడిగాను.

కాంట్రాక్టరు నవ్వాడు. "నవ్వులాట కాదక్కా. మా మనిషి చెయ్యే మూర. ఎప్పటికి గదే."

"మంచిది. మీ మనిషి చెయ్యికి ఒక రేటు. నా చెయ్యికి ఒక రేటు. నీకే చెయ్యి గావాలె?"

రెండు ధరలూ చెప్పాను. రాత్రే వేళ్ళ మీద లెక్క సరిచూసి పెట్టుకున్నాను. అతను ఫోన్ తీసి లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. "రెండు ఒక్కతీర్గనే పడుతున్నయ్ గద!"

"పడుతయ్. మల్ల కోపమెందుకు?"

గుంపులో నవ్వులు. చివరికి నా చేతి మూరకే ఒప్పుకున్నాడు. నా మూర పొడుగున రెండు దారాలు తెంపి, కొసలకు ముడులు వేసి, ఒకటి పొడుగన్న జేబులో పెట్టాను, ఒకటి బల్లకు కట్టుకున్నాను.

"ఇంకోటి," అన్నాను. "శ్రావణ శుక్రవారాలు మొగ్గ రేటు పొద్దుగాల ఒకటుంటది, గడియసేపటికి ఇంకోటుంటది. శుక్రవారం పెండ్లిళ్ళకు మొగ్గలు నువ్వే తెచ్చియ్యాలె. నేను కట్టుడు కూలి తీసుకుంట."

"నాకు మార్కెట్ల ఎవరు తెల్వరక్కా."

"నాకు మొగ్గలోళ్ళేమన్న చుట్టాలా?"

అతను గడ్డం గోక్కున్నాడు. కాస్త దగ్గరకు జరిగి, గొంతు తగ్గించాడు. "అక్కా, ఒక మాట. పెండ్లి పూలు గద. ఎవరు కట్టిన్రని కొందరు అడుగుతరు. నీ సంగతి తెలిస్తె... నేను గాబట్టి ఏమంటలేను. జర నువ్వు గూడ చూడాలె గద మమ్ములను."

భర్త పోయినదాని చేతి పూలు అని అతని మాట. మరిది చాయ్ గ్లాసుతో సహా లేచాడు. నేను చేయి అడ్డం పెట్టాను. చిత్రం ఏంటంటే నాకు కోపం రాలేదు. అతను నన్ను బాధపెట్టడానికి అనలేదు, ధర దించడానికి అన్నాడు. అది తెలిసిపోయింది నాకు. తెలిసిపోయాక అది ఇక ముల్లు కాదు, ఒట్టి బేరమే.

"భాయ్, ఇరవై ఏండ్ల సంది నీ పెండ్లిళ్ళకు పూలు ఎవరు కట్టిన్రనుకున్నవ్? ఆయన ఒక్క ముడి ఎయ్యలే ఎన్నడు. గీ చేతులే కట్టినయ్. గప్పుడు మంచిగున్న చేతులు గిప్పుడేమైనయ్? ఎవరన్న అడిగితె గట్లనే చెప్పు. చెప్పుడు కష్టమైతె ఇంకో బల్ల చూసుకో, నేనేమనుకోను."

చెప్పి దారం పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ముడి వేశాను. ఇంకో ముడి వేశాను. ఏడు పెళ్ళిళ్ళు పోతే బల్ల పోయినట్టే. వ్యాన్ వైపు పోతాడా? ఇంకో ముడి.

కాంట్రాక్టరు నన్ను వదిలి మరిది వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వన్న చెప్పు మీ వదినకు. రా, చాయ్ హోటల్ల కూసొని మనం మనం మాట్లాడుకుందం."

మరిది అతన్ని చూశాడు. బల్లను చూశాడు. నన్ను చూడలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"నాతోనేం మాట్లాడుతవ్ భాయ్? బల్ల ఆమెది," అన్నాడు.

దారం నోట్లోంచి జారి కింద పడింది. ఆ క్షణం నాకు ఆ ఏడు పెళ్ళిళ్ళు వచ్చినా రాకపోయినా ఒకటే.

అవి కూడా వచ్చాయి. శుక్రవారాల మొగ్గ అతను తెచ్చిస్తానన్నాడు. అతను కూడా ఏదో ఒకటి గెలుచుకొని పోవాలి కదా, ఉత్త చేతులతో పోయినవాడు మళ్ళీ రాడు. అందుకని ప్రతి మండపం గుమ్మానికి ఒక బంతి తోరణం నా తరఫున కడతానన్నాను. ముఖం వెలిగిపోయింది. పొడుగన్న వ్యాన్‌లో మడత పడుతూ, "అక్కా, నీ మూర నా జేబుల భద్రం," అని అరిచాడు.

అందరూ పోయాక మరిది మాత్రం కదలలేదు. కాలి వేలితో నేల గీకుతున్నాడు.

"వదినా, ఒక ముచ్చట."

"చెప్పు."

"మా ఆటో పిల్లల అమ్మలున్నరు గద. సెలవులిచ్చిన రోజులకు పైసలు ఇయ్యం అంటున్నరు. తొమ్మిది మంది ఒక్కటైన్రు. వాళ్ళ ముంగట నాకు నోరొస్తలేదు. జర నువ్వొచ్చి మాట్లాడుతవా?"

ఖాలా నోట్లో పాన్ ఉండగానే నవ్వింది, అది ఎంత ప్రమాదమో నాకు తెలుసు.

"వస్త. గానీ నాకేమిస్తవ్?"

"సొంత మరిదిని గిట్ల అడుగుతవా?"

"ఎవరినన్న గిట్లనే అడుగుత."

కాసేపు లొల్లి చేశాడు. నెలకొకసారి అన్నాడు, వారానికొకసారి అన్నాడు. నేను దిగలేదు. రోజూ పొద్దున పూల మార్కెట్ నుంచి నన్నూ నా మొగ్గల బస్తానూ తన ఆటోలో పైసలు తీసుకోకుండా బల్ల దగ్గర దించాలని తేలింది. శనివారం పోయి ఆ తొమ్మిది మంది తల్లులతో మాట్లాడాను. అందులో మా టీచరమ్మ ఒకతె. నన్ను చూడగానే, "అయ్యో, ఈమెనా!" అని తల పట్టుకుంది. సగం బేరం అక్కడే అయిపోయింది.

ఇప్పటికీ రోజూ పొద్దున మరిది ఆటోలోనే వస్తున్నాను. వెనక సీటులో నేను, నా పక్కన తడిగోనె కప్పిన బస్తా. దారంతా ఏ తల్లి ఏమందో చెప్పి, దానికి ఏం జవాబు చెప్పాలో అడుగుతూ ఉంటాడు.

చాలు బిడ్డా, చెయ్యి నొచ్చి ఉంటుంది. నీళ్ళు తాగు. ఇక మొదటి నుంచి చదివి వినిపించు, ఒక్క మాట కూడా మింగకుండా, నాకు వినబడేటట్టు గట్టిగా.